మిగులు ఎవరి పేరున?

షడ్జం నుంచి పంచమానికి, ఆ పంచమాన్ని షడ్జం చేసుకుని దాని పంచమానికి, ఇలా 3:2 నిష్పత్తిలో పన్నెండుసార్లు ఎక్కితే ఏడు స్థాయిల పైన మళ్లీ షడ్జమే దొరకాలి. దొరకదు. అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే, సుమారు 23.5 సెంట్లు మిగిలిపోతాయి. ఆ మిగులుకు పైథాగరస్ కామా అని పేరు. విశ్వమంతా సంఖ్యల సామరస్యమేనని బోధించిన గురువు పేరు, ఆ సంఖ్యలు పొసగని చోట స్థిరపడింది.

తప్పించుకోలేని ఈ మిగులును ఎవరి మీద వేయాలి? శ్రుతి చేసేవాడికి ఇది ధర్మసంకటమే. ఆర్గన్, హార్ప్సికార్డ్ వంటి మెట్ల వాద్యాలను శ్రుతి చేసే ప్రతి టెంపరమెంటూ దీనికొక జవాబు. జర్మన్ ఆర్గన్ విద్వాంసుడు ఆండ్రియాస్ వెర్క్‌మైస్టర్ నాలుగు పంచమాలను మాత్రం కాస్త తగ్గించి, మిగతా ఎనిమిదింటినీ శుద్ధంగా ఉంచాడు. 1691 నాటి తన పుస్తకంలో పాత పద్ధతుల తరువాత దాన్ని చెప్పాడు కనుక ఆ వరస సంఖ్యే అతికి, అది 'వెర్క్‌మైస్టర్ 3' అయింది. పాదువాలోని ఫ్రాన్సిస్కన్ సన్యాసి వల్లొట్టి అదే భారాన్ని ఆరు పంచమాలకు పంచాడు. ఆయన పేరూ నిలిచింది. అంతకు ముందరి మీన్‌టోన్ పద్ధతిలో మూడో స్వరాల మాధుర్యం కోసం పదకొండు పంచమాలను కుదించేవారు. పన్నెండోది వినలేనంతగా అరిచేది. దాన్ని తోడేలు అన్నారు.

నిర్ణయం తీసుకున్నవాడి పేరు దానికి ఉండటం న్యాయమే. మరి స్థాయిని పన్నెండు సమాన అర్ధస్వరాలుగా పంచే, నేడు ప్రపంచమంతా వాడే సమాన విభజనకు ఎవరి పేరూ లేదేం? మింగ్ రాజకుమారుడు జు జైయూ 1584లో 2కి పన్నెండో మూలాన్ని గణించి దాని లెక్క తేల్చాడు. తరువాత తన రాజ బిరుదు వారసత్వాన్నే వదులుకున్న మనిషి ఆయన. ఇది లెక్కలోంచి పుట్టిన సత్యం, ఎవరి సొత్తూ కాదు అనవచ్చు. ఆ మాట సగమే నిజం. పన్నెండో మూలం గణితానిది. ఒక్క పంచమమూ శుద్ధంగా లేకపోయినా సరే, అన్నీ సమానంగా భరించాలన్నది మాత్రం మనుషుల ఎంపిక. యూరప్‌లో ఎందరో సంగీతకారులు తరాల తరబడి దాన్ని వద్దన్నారు.

పేరు లేకపోవడం వల్లనే ఆ ఎంపిక ప్రకృతి నియమంలా చెల్లిపోతోంది. తెలుగు ఇళ్లలో పిల్లలు పాట నేర్చుకునే ఎలక్ట్రానిక్ కీబోర్డులోనూ ఉన్నది సాధారణంగా అదే. దాని అంతర గాంధారం 5:4 నిష్పత్తి కన్నా దాదాపు 14 సెంట్లు ఎక్కువ. పక్కన బాగా శ్రుతి చేసిన తంబూరా మీటితే, మంద్ర షడ్జపు తీగలోంచి తానుగా పలికే గాంధారం దానికి కిందే వినిపిస్తుంది.