కట్ట మనిషిది, వాన దేవునిది

ధ్యాన భాగములు: కీర్తన 146, 2 రాజులు 6:24 – 7:16



కీర్తన 146లో భక్తుడు మనకొక హెచ్చరిక చేయుచున్నాడు. అధికారులు ఎంత గొప్పవారైనను నరమాత్రులే గనుక వారిమీద ఆశ పెట్టుకొనవద్దనియు, వారి ఊపిరి పోయిన నాడే వారి ఆలోచనలును మట్టిలో కలియుననియు ఆయన చెప్పుచున్నాడు. ఆ వెంటనే, ఆకాశమును భూమిని చేసిన దేవుడు ఎవనికి సహాయుడో వాడే ధన్యుడనుచున్నాడు. ఈ మాటలను మనము చిన్ననాటినుండి వినుచున్నాము. అయితే వీటిని మన గిద్దలూరు, కంభము, మార్కాపురము పల్లెలలో ఎట్లు అనుసరించవలెను? రేషను బియ్యము, పింఛను, ఇంటి పట్టా, బోరు నీళ్లు, ఇవన్నియు అధికారుల చేతిలోనే యున్నవి గదా! మనము వారియొద్దకు పోకూడదా? పోయినయెడల దేవునియందలి నిరీక్షణను విడిచినవారమగుదుమా? ఈ నెల దీనిని గూర్చి కలిసి ఆలోచింతము.

మొదట షోమ్రోను పట్టణమునకు పోవుదము. సిరియా రాజు ముట్టడి వేయగా అక్కడ ఘోరమైన కరువు వచ్చెను. రాజు ప్రాకారముమీద నడచుచుండగా ఒక స్త్రీ సహాయము కొరకు కేక వేసెను. దేవుడే సహాయము చేయనియెడల నేను ఎక్కడనుండి చేయగలను, కళ్లములో గింజ లేదు, గానుగలో రసము లేదు అను భావముతో రాజు ఆమెకు జవాబిచ్చెను. ఆ మాట సత్యమే. లోకములోని పాలకులలో తమ చేతులు వట్టివని ఇంత స్పష్టముగా ఒప్పుకొన్నవారు అరుదు. కాని కొంతసేపటికే ఆ రాజు దేవుని ప్రవక్తయైన ఎలీషా తల తీయింతునని ఒట్టు పెట్టుకొనెను. తన బట్టల లోపల గోనెపట్ట కట్టుకొన్నవాడే ఆ పని చేసెను. దేవుని పేరు చెప్పి చేతులు దులుపుకొనుట వేరు, దేవునియందు ఆశ పెట్టుట వేరు అని ఇందువలన నేర్చుకొందము.

అట్లయితే విడుదల వార్త ఎక్కడనుండి వచ్చెను? రాజు మేడనుండి రాలేదు, సైన్యమునుండి రాలేదు. గుమ్మము వెలుపల కూర్చుండిన నలుగురు కుష్ఠరోగులు, ఊరిలోనికి రానియ్యబడనివారు, శత్రువు పాళెము ఖాళీయైయుండుట మొదట చూచిరి. వారు కడుపునిండ తిని, ఊరకుండుట తప్పని ఒకరితోనొకరు చెప్పుకొని, ఆ శుభవార్తను రాజు నగరుకు చేరవేసిరి. దేవుడు ఊరి వెలుపలివారి చేత ఊరిని బ్రదికించెను.

ఇది మన దేశములోను జరిగినది. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో పడిన గొప్ప కరువును మన పెద్దలు ధాత కరువు అనిరి. ఈ దేశములో యాభై లక్షలకు పైగా జనులు ఆ కరువులో మరణించిరని చరిత్రకారులు లెక్క వేసిరి. అదే కాలములో ఈ దేశపు గోధుమలు ఓడలకెక్కి ఇంగ్లండుకు పోవుచునే యుండెను. ఖర్చు తగ్గింపవలెనని 1877లో సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి సహాయపు పనులలో కూలివానికి రోజుకు ఒక పౌను ధాన్యమును, దానితో స్వల్పమైన పైకమును చాలునని నిర్ణయించెను. మద్రాసు ప్రభుత్వమునకే ఆరోగ్యాధికారిగా యుండిన డాక్టరు కార్నిష్, ఆ కూలితో కష్టము చేయు మనిషి బ్రదుకలేడని గట్టిగా వాదించెను. తరువాత ఆ కూలిని పెంచిరి. అధికారులలోను న్యాయము పలుకువారిని దేవుడు లేపునని దీనివలన తెలియుచున్నది.

ఆ కాలమున ఒంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర యుండెను. ఆయన యౌవనమున భూమి కొలతల పని నేర్చినవాడు. ప్రభుత్వము కరువు పనిగా బకింగుహాము కాలువను త్రవ్వించుచుండగా, ఆయన సుమారు మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలితో వచ్చిన మాదిగ మాల జనులకు అక్కడ పని కల్పించెను. ఆ కాలువ గట్టుమీదనే బోధకులు దినదినము ప్రభువు మాటలు చెప్పిరి. 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. ఊరి వెలుపలనుండి వచ్చిన అట్టివారే ఈ సీమలో మొదట సువార్తను మోసిరి. షోమ్రోను గుమ్మము వెలుపలి నలుగురిని తలంచుకొనుడి!

ఇక్కడ మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. కరువు కాలములో వేలమంది బాప్తిస్మము అడిగినను క్లౌ దొర ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చువారెవరో ప్రభువు కొరకు వచ్చువారెవరో తేలవలెనని ఆయన ఆగెను. సహాయపు సొమ్ము పంచుట ముగిసిన తరువాతను జనులు వచ్చుచునే యుండిరి. 1878 జూలై 3వ తేదీన ఒక్కదినమే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ గుండ్లకమ్మ మన నల్లమల కొండలలో పుట్టి, మన కంభము చెరువు దాటి పోవు ఏరే. మన సీమలోని సంఘములలో కొన్ని బాప్టిస్టు మిషనువలనను, కొన్ని ఎస్.పి.జి. మిషనువలనను పుట్టినవి. ఏ మిషను సంఘమైనను ఈ ప్రశ్న మనకందరికి చెల్లును: గంజి కేంద్రము మూసిన మరునాడు మన విశ్వాసము నిలుచునా?

ఆ కాలువ పనిలో ప్రభుత్వపు సొమ్ము ఉన్నది, ఒక మనిషి విద్య ఉన్నది, కూలివారి చెమట ఉన్నది. దేవుడు వాటిని వాడుకొనెను. వాడబడిన పనిముట్టుకు మనము మ్రొక్కము, దానిని విసరివేయము. రోమా పత్రిక 13వ అధ్యాయములో పౌలు అధికారిని దేవుని పరిచారకుడనెను. పరిచారకుడు గనుక గౌరవింపవలెను. పరిచారకుడే గనుక వానిని యజమానుని పీఠముమీద కూర్చుండబెట్టరాదు.

కంభము చెరువును చూడుడి. విజయనగర రాజుల కాలమున వరదరాజమ్మ అను రాజకుటుంబపు స్త్రీ దానిని కట్టించెనని చెప్పుదురు. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా వేసిన ఆ కట్ట నేటికిని నిలిచియున్నది. 1565 యుద్ధముతో విజయనగరపు వైభవము కూలెను. రాజులు పోయిరి, వారి ఆలోచనలు పోయినవి, పొరుగువానికి మేలు చేసిన కట్ట మాత్రము మిగిలెను. అయినను వాన కురియని యేండ్లలో ఆ చెరువు అడుగు పగుళ్లు తీయుటను మన రైతులు ఎరుగుదురు. కట్ట మనిషిది, వాన దేవునిది. వాన లేనిదే కట్ట మట్టిదిబ్బ. కట్ట లేనిదే వచ్చిన వాన సముద్రము పాలు. కాబట్టి కట్ట వేయుటలో మనము సోమరులము కారాదు, కట్టను చూచి వాన మనదే అనుకొనరాదు.

మనలో కొందరు సర్కారునే దేవుడుగా చేసికొనిరి. వెలిగొండ నీళ్ల కొరకు మనము ఎంతకాలముగా ఎదురు చూచుచున్నాము! 1996లో శంకుస్థాపన జరిగెను. శ్రీశైలము నీటిని తెచ్చుటకు కొండ క్రింద ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగములు త్రవ్విరి. మొదటిది 2021లోను రెండవది 2024లోను త్రవ్వుట ముగిసెను. 2024 మార్చిలో వాటిని ప్రారంభించిరి. అప్పటికిని ముంపు గ్రామముల వారికి పునరావాసము మొదలైన పనులు మిగిలియుండెను. శంకుస్థాపన నాటి పసిబిడ్డ ఆ ప్రారంభము నాటికి బిడ్డల తల్లియైనది. ఆ నీళ్లు అడుగుట తప్పు కాదు. ప్రతి ఎన్నికలలోను ఒక మనిషిని మన రక్షకుడని ఊరేగించి, తరువాత వానినే శపించి, మరల ఇంకొకని ఊరేగించుటయే తప్పు.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో తూరు సీదోను వారి సంగతి చదువుడి. వారి దేశమునకు గ్రాసము హేరోదు దేశమునుండి వచ్చుచుండెను. అందుచేత అతడు ప్రసంగింపగానే జనులు అతని స్వరము మనుష్య స్వరము కాదు, దైవ స్వరమని కేకలు వేసిరి. తిండి భయము స్తోత్రముగా మారెను. ఎన్నికల నాడు నోటు పుచ్చుకొని వోటు వేయువాడును, నాయకుని ఫోటోకు పాలతో అభిషేకము చేయువాడును ఆ గుంపులోనే నిలిచియున్నారు. మన వోటు ప్రభువు మనకప్పగించిన తలాంతు. దానిని అమ్ముకొనువాడు పొరుగువాని మందును, పొరుగు బిడ్డ చదువును కలిపి అమ్ముచున్నాడు.

ఇంకొక కష్టమైన సంగతి మాటలాడక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువులు మాత్రమే షెడ్యూల్డు కులములవారుగా లెక్కింపబడిరి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా ఉంచిరి. ఈ భేదము న్యాయము కాదని మేము నమ్ముచున్నాము. బాప్తిస్మము పొందినందున ఊరిలో మన పల్లె చోటు మారలేదు, మన చేతిలోని పార మారలేదు. దీనిని సరిచేయుమని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభయు కేంద్రమును కోరెను. అడుగుదము, తెరచిన ముఖముతో అడుగుదము. అయితే ఆదివారమున ప్రభువు నామమును పాడి, సోమవారమున ఆఫీసులో ఆ నామమును ఎరుగనని వ్రాసి ఇచ్చుట మన ఆత్మకు గాయము చేయును. బిడ్డ చదువు కొరకు అట్లు చేసిన తల్లిదండ్రులను రాళ్లతో కొట్టుటకు మేము ఈ మాట వ్రాయుటలేదు. మంట కాచుకొనుచు పేతురు బొంకినప్పుడు ప్రభువు తిరిగి అతని చూచెను, త్రోసివేయలేదు. అయితే సంఘము చేయవలసినది ఒకటి కలదు: ప్రభువు నామము ఒప్పుకొన్నందున ఫీజు రాయితీ పోగొట్టుకొను బిడ్డను సంఘమే చదివింపవలెను. అది చేయక వారికి సత్యమును బోధించుట సులువైన పని.

మనలో మరి కొందరు దేవుని పేరును సాకుగా వాడుదురు. మన పడమటి ప్రాంతపు పల్లెలలో అనేక చోట్ల బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. పిల్లల పండ్లు గారపట్టుచున్నవి, పెద్దల కీళ్లు బిగిసిపోవుచున్నవి. దీనిని చూచి అంతయు దేవుని చిత్తమని ఊరకుండువాడు షోమ్రోను రాజు మాటలాడినట్లు మాటలాడుచున్నాడు. ఆకలిగొన్నవానికి తిండి పెట్టక సమాధానముగా వెళ్లుమనువాని విశ్వాసము మృతమని యాకోబు వ్రాసెను. నెహెమ్యా దేవునికి ప్రార్థించెను, రాజునొద్ద చీటియు అడిగెను. పౌలు తన హక్కు చూపి కైసరునొద్దకు అప్పీలు చేసికొనెను. కాబట్టి మంచినీళ్ల ప్లాంటు కొరకు అర్జీ వ్రాయుట ప్రార్థనకు విరోధము కాదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యము వచ్చినప్పుడును, 2006లో ఉపాధి హామీ పని మొదలైనప్పుడును, మన పేదల పొయ్యి వెలిగెను. అందుకు దేవునికి స్తోత్రము చెల్లించుట ధర్మమే.

మన నిరీక్షణ ఎక్కడున్నదో తెలిసికొనుటకు మూడు పరీక్షలు చెప్పుదుము. అడిగినది దొరకనియెడల మన ప్రార్థనయు ప్రేమయు ఆగిపోవునా? మన కొరకే అడుగుచున్నామా, పొరుగు పల్లె కొరకును అడుగుచున్నామా? దానిని పొందుటకు అబద్ధమాడుటకు సిద్ధముగా ఉన్నామా? ఈ మూడింటికి మన మనస్సాక్షి ఇచ్చు జవాబే మన నిజమైన విశ్వాస ప్రమాణము.

ఒకరు అడుగవచ్చును: అయ్యగారూ, దేవుడు నిజముగా తప్పించునా? ధాత కరువులో ప్రార్థించినవారును చనిపోలేదా? అవును, చనిపోయిరి. దానిని దాచి ప్రసంగించువాడు గొర్రెలను మోసపుచ్చువాడు. అగ్నిగుండము ఎదుట ముగ్గురు యౌవనులు, మా దేవుడు రక్షింప సమర్థుడు, రక్షింపకపోయినను ప్రతిమకు మ్రొక్కము అను భావముతో పలికిరి. ఆ "పోయినను" అను మాటలోనే మన నిరీక్షణ యంతయు ఇమిడియున్నది. సిలువమీద ప్రభువు తన్ను తాను దింపుకొనలేదు. మూడవ దినమున తండ్రి ఆయనను లేపెను. పిలాతు ముద్ర వేయించిన రాయి ఆ ఉదయమున నిలువలేదు. మరణమును దాటించు విడుదలను ఏ సర్కారును ఇయ్యలేదు, ఏ సర్కారును తీసివేయలేదు. ఆ విడుదల కలవాడు అధికారియెదుట వణకడు, అధికారిని పూజింపడు.

చివరిగా కీర్తన 146ను కడవరకు చదువుడి. దేవుడు ఎవరిని జ్ఞాపకము చేసికొనుచున్నాడు? బాధింపబడువారిని, ఆకలిగొనినవారిని, బంధింపబడినవారిని, గ్రుడ్డివారిని, క్రుంగినవారిని, పరదేశులను, తండ్రిలేనివారిని, విధవరాండ్రను. ఆయన జాబితా అది. పింఛను జాబితాలో పేరు తప్పిపోయిన అవ్వ పేరు ఆయన జాబితాలో తప్పదు. అయితే ఆయన ఆ అవ్వ ఇంటికి పంపదలచినది మననే. మన స్త్రీలు వంట వండునప్పుడెల్ల ప్రభువు కొరకు తీసిపెట్టు పిడికెడు బియ్యము ఎంతో చిన్నది. కాని దానికి ఏ ఆఫీసు సంతకమును అక్కరలేదు. ఈ నెల ప్రతి సంఘములోను పెద్దలు కూడి, మన ఊరిలో ఏ జాబితాలోను లేనివారు ఎవరో వెదకి, వారికొరకు అర్జీ వ్రాయుడి. జవాబు వచ్చువరకు ఆ పిడికెడు బియ్యము వారి గడపకు చేర్చుడి.

ప్రార్థన: నిత్యము రాజ్యమేలు దేవా, మమ్మును పాలించువారికి న్యాయబుద్ధి దయచేయుము. వారిని పూజించుటనుండియు ద్వేషించుటనుండియు మమ్మును తప్పించుము. మా చేతులకు కట్ట వేయు బలమును, మా కన్నులకు నీ వాన కొరకు ఎదురు చూచు ఓర్పును అనుగ్రహించుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.