చేతిలో తేలిక

యాంగోన్‌లో పన్సొదాన్ జెట్టీ దగ్గర పడవెక్కి నది దాటితే దలా. ఆ ఒడ్డున కాలవ పూడిక తీసే కంట్రాక్టరు ప్రొక్లెయినర్‌కి బకెట్ అంచు పళ్ళ పక్కన చీలింది. వెల్డింగ్ పని ఒక తెలుగు మామా అల్లుళ్ళకి వచ్చింది. ఆ మామ తాత కాకినాడ వైపు నుంచి ఓడెక్కి వచ్చి అప్పటి రంగూన్ రేవులో మూటలు మోశాడు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మెనీ, దాని వెంటే వచ్చిన అల్లర్లనీ చూసినవాడు. మనవడు బరువులు మోయలేదు గానీ, డీజిల్ ఇంజను మీద నడిచే పాత వెల్డింగ్ సెట్టుని జీవితమంతా ఈడ్చుకు తిరిగాడు. దాన్ని కదపాలంటే నలుగురు మనుషులూ ఒక బండీ కావాలి.

అల్లుడికి ఆ సెట్టంటే విసుగు. దాచుకున్న డబ్బుతో ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీను కొన్నాడు. "చూడు మావయ్యా, ఒంటిచేత్తో పట్టుకొచ్చాను!"

"బాగుందిరా. మరి దీనికి తిండి ఎవరు పెడతారు?"

అల్లుడు నవ్వేసి, అరువు తెచ్చిన 3 కేవీఏ పెట్రోలు జనరేటరుతో ఒక్కడే దలా వెళ్ళాడు. రాడ్ తగిలించగానే జనరేటరు మూలిగింది, రాడ్ ప్లేటుకి అతుక్కుపోయింది. ఆంపియర్లు తగ్గించాడు. ఆర్క్ నిలబడింది కానీ వెల్డ్ పూస లోపలికి దిగకుండా పైనే ఉబ్బుగా కూర్చుంది. పైగా వానాకాలం. 7018 రాడ్ల ప్యాకెట్ విప్పి చాలా రోజులైంది. సాయంత్రానికి గ్రైండర్ పట్టి నున్నగా మెరిపించాడు. కంట్రాక్టరు భుజం తట్టాడు.

రెండో రోజు బకెట్ మళ్ళీ చీలింది.

మామ వచ్చి ఆ చోటు తుడిచి కిరోసిన్ పూశాడు. కాసేపాగి, పొడిగుడ్డతో తుడిచేసి, పైన సుద్దముక్క రుద్దాడు. తెల్లటి సుద్దలోంచి పూస పక్కనే వెంట్రుకంత నల్లగీత మెల్లగా పైకి తేలింది. పూసలో కాదు, ప్లేటులో.

"ఈ మెషీనే మోసం మావయ్యా. నీ సెట్టు తెస్తే బాగుండేది."

"నా సెట్టు ఈ బురదలోకి దిగితే, దాన్ని పైకి లాగడానికి ఇంకో ప్రొక్లెయినర్ కావాలిరా!"

మామ బకెట్‌కున్న రెండు పిన్నులూ కొట్టించి, దాన్ని ట్రాలీ మీద రోడ్డు పక్క రైస్ మిల్లుకి చేర్పించాడు. మిల్లు జనరేటరు నుంచి లైను అడిగి తీసుకున్నాడు. చీలికని అడుగుదాకా గ్రైండ్ చేశాడు, గ్యాస్ మంటతో ప్లేటు కాచాడు, ఓవెన్‌లో ఎండబెట్టిన రాడ్లు తీశాడు. చివరికి అల్లుడి ఇన్వర్టర్ పెట్టెనే ముందుకి లాగి, హోల్డరు అతని చేతికిచ్చాడు. అతుకు నిలిచింది.

ఈ కథ నీతి: చేతిలో తగ్గించుకున్న బరువు మాయమైపోదు, మరోచోట మోయాల్సి వస్తుంది. కొనేముందు ఆ చోటేదో వెతుక్కోవాలి.

'కొత్తదాని కంటే పాతది మేలు' అని ఈ కథని చదివేవాళ్ళుంటారు. నేనొప్పుకోను. పెట్టె మంచిదే, లెక్కే చాల్లేదు. 4 మి.మీ. రాడ్‌ని 160 ఆంపియర్ల మీద నడిపితే ఆర్క్ దగ్గర దాదాపు 4.2 కిలోవాట్లు ఖర్చవుతుంది. మెషీన్‌లో పోయేదీ, మామూలు ఇన్వర్టర్ పవర్ ఫ్యాక్టరూ కలిపితే జనరేటరు మీద 7 కేవీఏ దాకా పడుతుంది. ఆ అబ్బాయి తెచ్చింది 3. 7 కేవీఏ జనరేటరు చక్రాలుంటే తప్ప ఒంటిచేత్తో కదలదు. ఇక మెషీను మీద '160 ఆంపియర్లు, 35 శాతం' అని రాసుంటే, పది నిమిషాల్లో మూడున్నర నిమిషాలే ఆ కరెంటు మీద కాల్చాలి. మందపాటి బకెట్ అంచుకి పూస మీద పూస వేసేవాడికి ఆ ఆరున్నర నిమిషాల నిరీక్షణ కూడా బరువే.

రాడ్ల సంగతి ఇంకా మొండిది. 7018 పూత తేమని పీల్చుకుంటుంది. ఆ తేమలోని హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చేరితే చీలిక వెంటనే రాదు, ఒక్కోసారి 48 గంటలు ఆగి వస్తుంది. అందుకే సాయంత్రం భుజం తట్టినవాడే రెండో రోజు కేకలేశాడు. రాడ్లని 350 డిగ్రీల దగ్గర గంట సేపు కాల్చి, వాడేదాకా వేడిగా ఉంచాలి. ప్లేటు గ్రేడునీ మందాన్నీ బట్టి అంచునీ కాచాలి. యాంగోన్ వానల్లో ఈ ఓవెన్‌నీ మెషీను ధరలోనే కలుపుకోవాలి.

దలాలాంటి చోటికి నేనైతే తేలిక పెట్టెనే కొంటాను, జనరేటరు మీద మాత్రం చెయ్యి బిగించను. పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే ఏర్పాటున్న ఇన్వర్టరైతే కాస్త చిన్న జనరేటరుతో సరిపెట్టుకోవచ్చు, ధర ఎక్కువైనా సరే. రోడ్డుకి దగ్గర పనీ, రోజంతా వెల్డింగూ అయితే డీజిల్ సెట్టే కిట్టుబాటు. బకెట్‌కెలాగూ రెండు పిన్నులే, కొట్టేసి రోడ్డు దాకా తెచ్చుకోవచ్చు.