ఏలీ కన్నులు, సమూయేలు చెవులు

ధ్యాన భాగము: 1 సమూయేలు 3:1-18



మన ఓరుగల్లు ప్రాంతపు పల్లెలలో ఒకప్పుడు పెద్దల మాట లేకుండ నాగలి కదిలెడిది కాదు. ఏ కార్తెలో ఏ విత్తనము వేయవలెనో, చెరువు తూము ఎప్పుడు ఎత్తవలెనో తాతయే చెప్పవలెను. అక్షరము రాని అవ్వ సయితము ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కంఠతా పాడి మనుమలకు నేర్పెడిది. ఇప్పుడు వాన కబురు, ఏనుమాముల మార్కెట్టులో పత్తి ధర, కీర్తన, వాక్యము, అన్నియు చేతిలోని ఫోనులోనే దొరకుచున్నవి. తాతను అడుగవలసిన పని మనుమనికి లేదు. పైగా తాతయే ఫోను పట్టుకొని, "ఇది జర చూడు బిడ్డా" అని మనుమని వెనుక తిరుగుచున్నాడు.

పెద్దలతో పని తీరినప్పుడు వారి యెడల మన గౌరవము కూడ తీరిపోవునా? ఈ ప్రశ్నను మనము వేసికొనక తప్పదు.

తలిదండ్రులను సన్మానింపవలెనని సీనాయి కొండమీద ఆజ్ఞ ఇచ్చిన దేవుడు, వారి వలన లాభమున్నంత కాలమే అని హద్దు పెట్టలేదు. యంత్రములు మారుట మనకు కొత్త కాదు. వరంగల్లులో 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు మీద ఎన్నో కుటుంబములు బ్రదికెను. 2002లో అది మూతపడెను. ఆ యంత్రములు నడిపినవారి పనితనమునకు గిరాకి లేకపోయెను. పనితనముతోపాటు తండ్రి విలువయు పోవునట్లయిన, నేడు ఫోను నేర్చిన యువకుని గతి రేపేమగును? అతని విద్యయు ఒకనాడు పాతబడదా? గౌరవమును ఉపయోగముతో తూచువాడు తన ముసలితనమునకు తానే గొయ్యి త్రవ్వుకొనుచున్నాడు.

ఏలీ చూపు తగ్గిన ముసలివాడు. స్వరము వినబడినది బాలుడైన సమూయేలుకే. గాని అది ఎవరి స్వరమో అతనికి తెలియలేదు. మూడుసార్లు ఏలీ యొద్దకే పరుగెత్తెను. పిలుచుచున్నది దేవుడని గ్రహించి, ఎట్లు ఉత్తరమియ్యవలెనో నేర్పినవాడు ఆ వృద్ధుడే. నేటి మన బిడ్డలకు ఫోనులో వినబడు స్వరములు లెక్కలేనివి. అప్పు ఇచ్చెదమని ఒకటి, జూదమాడుమని ఒకటి, వింత బోధలతో మరియొకటి పిలుచుచున్నవి. ఏది ఎవరి స్వరమో తెలియు వివేకము బ్రదికి, బాధపడి, ప్రార్థించినవారి యొద్ద దొరకును.

పెద్దలందరు వివేకులేనా అని యువకులడుగవచ్చును. కారు. ఏలీయే తన కుమారులను అదుపు చేయలేకపోయెను. అయినను బాలుని నోట తన ఇంటిమీది తీర్పు వినినప్పుడు, కోపింపక, దేవుని మాటయని తల వంచెను. కాబట్టి పెద్దలారా, చిన్నవారి యొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడకుదము. మా కాలమే మంచిదని మాటిమాటికి దెప్పి వారిని విసిగింపకుదము. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయము బిడ్డలకే గాక తండ్రులకును బుద్ధి చెప్పుచున్నది.

యువకులారా, మీతోను ఒక మాట. నాట్లు వేసి వేసి వ్రేళ్లు అరిగిన అవ్వలు పింఛనుకు పోయినప్పుడు, ఆ వ్రేలిముద్రలను యంత్రము కొన్నిసార్లు గుర్తింపదు. ఏమియు తోచక వారు బ్యాంకు కార్డును, దాని రహస్య సంఖ్యను మనుమని చేతిలో పెట్టుచున్నారు. ఆ సొమ్మే వారి మందులు, వారి కూడు. రూపాయి తగ్గకుండ లెక్క అప్పగించుట, అర్థము కానిది విసుగుకొనక మరల మరల చూపించుట, ఇదియే నేడు మీరు ఐదవ ఆజ్ఞను గైకొనుట.

ఈ నెలలో ప్రతి ఇంట ఒక సాయంకాలము ఫోను ప్రక్కన పెట్టి, పెద్దల యొద్ద కూర్చుండి వారికి వచ్చిన ఒక కీర్తన నేర్చుకొనుడని మేము బతిమాలుచున్నాము. ప్రభువు మన ఇండ్లలో ఏలీని, సమూయేలును ఒక్క కప్పు క్రింద కాపాడును గాక. ఆమేన్.