ఇల్లు ఎవరిని అడిగి కట్టాలి?

2014లో నేను ఇల్లు కట్టుకున్నాను. మందస కొండల్లోని మా సవర గూడలో అదే మొదటి స్లాబు ఇల్లు. బ్యాంకు అప్పు, నా జీతం, మా ఆవిడ పొదుపు సంఘం డబ్బు కలిపి కట్టాం. కింద ఊరి నుంచి వచ్చిన మేస్త్రి తను అంతకు ముందు కట్టిన ఇంటి ప్లానే కాగితం మీద గీసి చూపించాడు. హాలు, రెండు గదులు, వంటగది. నాకు నచ్చింది. ఆ కొలతకు సరిపోయేలా కొండ వాలును తవ్వించి చదును చేయించాను.

ఇంట్లోకి దిగిన రోజు మా అమ్మ గదులన్నీ తిరిగి చూసింది. వంటగదిలో నిలబడి పైకి చూసింది. "ఇత్తనాలెక్కడెడతావురా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పాత ఇంట్లో పొయ్యికి పైన అటక ఉండేది. చోళ్ళు, సామలు, కందులు, జొన్న కంకులు అక్కడే దాచేవాళ్లం. పొయ్యి వేడికి తేమ ఆరేది, పొగకు పురుగు పట్టేది కాదు. వచ్చే ఏటి పోడు పంట ఆ అటక మీదే ఉండేది. ఇంటి ముందు అరుగు ఉండేది. అమ్మ అక్కడే కూర్చుని అడ్డాకులు కుట్టేది, కొండ చీపుర్లు కట్టేది, దారిన పోయేవాళ్లను పలకరించేది. మా గూడలో ఇళ్లు వాలుకు అడ్డంగా తవ్వకుండా, వాలు వెంట వరుసలుగా ఉంటాయి. వాన నీరు వరుసల మధ్య నుంచి దిగిపోతుంది. నేను వాలును తవ్వాను కాబట్టి మొదటి వానాకాలంలోనే వెనక గోడ చెమ్మగిల్లింది.

అమ్మ మాతోనే తినేది, పడుకోవడానికి మాత్రం పాత ఇంటికి వెళ్లేది. నాలుగేళ్లు అలాగే గడిచింది. "మాస్టారు స్లాబు కింద, తల్లి గడ్డి కింద" అని ఊళ్లో అనుకున్నారు. నేను ఆమెను వెళ్లమనలేదు. ఉండమనే బతిమాలాను. కానీ కట్టే ముందు "నీకేం కావాలమ్మా?" అని మాత్రం అడగలేదు.

ఒకరికి మంచి చేయాలనుకున్నప్పుడు వాళ్లను అడగకుండా చేయవచ్చా? ఈ ప్రశ్న మనం ప్రభుత్వాన్ని తరచూ అడుగుతాం. కొండ మీదా, మైదానంలోనూ ఒకే కొలత కాలనీ ఇళ్లు ఎందుకు కడతారని నిలదీస్తాం. అడగడం న్యాయమే. అయితే చదువుకుని, ఉద్యోగం వచ్చి, చేతిలో డబ్బు ఉన్న నేను కూడా సొంత తల్లి విషయంలో అదే పని చేశాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. మంచి ఇల్లంటే ఇలాగే ఉంటుందని ముందే నమ్మేశాను.

అందరికీ ఒకే రకం ఇల్లు ఇవ్వడమే సమానత్వం కదా అని కొందరంటారు. ఉపాధ్యాయులకు దీని జవాబు తెలుసు. బడికి ఒకే కొలత యూనిఫాంలు వస్తే ఏమవుతుందో మనం చూస్తూనే ఉన్నాం. ఒకడికి చేతులు వేలాడతాయి, ఇంకొకడికి గుండీ పట్టదు. బట్ట అందరికీ ఒకే నాణ్యతతో ఉండాలి, కుట్టు మాత్రం ఒంటిని బట్టి ఉండాలి. ఇల్లూ అంతే. గోడ బలం, ఇచ్చే సాయం అందరికీ సమానంగా ఉండాలి. రూపం మాత్రం స్థలాన్ని, అందులో బతికే మనుషులను బట్టి రావాలి.

ఇంకో వైపు నుంచి వచ్చే మాట కూడా ఉంది. మన పాత ఇల్లే గొప్పది, దాన్ని మార్చకూడదు అంటారు. పొగకు అమ్మ కళ్లు ఎర్రబడి నీళ్లు కారడం నేను చూశాను. వెలుతురు లేని ఆ గదిలోనే చదువుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి అమ్మ ఇంటి కప్పు లేచిపోయింది. ఆ రాత్రి మా వరుసలోని వాళ్లంతా నా స్లాబు కిందే తలదాచుకున్నారు. అమ్మ కూడా. కాబట్టి సిమెంటును తిట్టి లాభం లేదు.

తుపాను తర్వాత ఇల్లు బాగుచేయించేటప్పుడు అమ్మను కూర్చోబెట్టి అడిగాను. పాత ఇల్లు మళ్లీ కట్టమంటుందనుకున్నాను. ఆమె అలా అనలేదు. మరుగుదొడ్డి దగ్గరగా కావాలంది, రాత్రిళ్లు వాలు దిగలేనంది. పొయ్యి చావిడి వెనక వేసి, దాని మీద అటక కట్టమంది. పొగ చూరు కింద నుంచి బయటికి పోవాలంది. ముందు అరుగు కావాలంది. చివరగా కిటికీ కిందికి దించమంది. "నేను నేల మీద కూచుంటాను. నీ కిటికీలోంచి నాకు ఆకాశమే కనబడతాది, మనుషులు కనబడరు" అంది. కిటికీ ఎత్తు కుర్చీలో కూర్చునేవాళ్లకు సరిపోయేలా పెట్టారని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఇది మేస్త్రికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ చోట కూర్చునే మనిషికే తెలుసు.

లారీ బేకర్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఇంగ్లాండులో చదివిన ఆ వాస్తుశిల్పి పితోరాగఢ్ కొండల్లో ఏళ్ల తరబడి ఉండి, అక్కడివాళ్లు దొరికే రాయితో, మట్టితో ఇళ్లు ఎలా కడుతున్నారో చూసి నేర్చుకున్నాడు. తర్వాత కేరళలో చెట్టును కొట్టకుండా, నేల వాలును చెడగొట్టకుండా ఇళ్లు కట్టాడు. అంత చదివినవాడు కొండవాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. కొండలో పుట్టిన నేను మా అమ్మ దగ్గర నేర్చుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ పథకంలో ఇల్లు వంట చోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలన్నారు. కొండ ప్రాంతాలకు 1,30,000 రూపాయల సాయం పెట్టారు. ఇల్లు లబ్ధిదారులే కట్టుకోవాలి, కాంట్రాక్టరుకు అప్పగించకూడదని నిబంధన ఉంది. అంటే అడగడానికి ఆ కాగితంలోనే కొంత చోటుంది. ఆ చోటును మనం వాడుకోకపోతే ఎవరో ఒకరు తమ ప్లానుతో నింపేస్తారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్లుగా గూడలకు వెళ్తారు. కొలత టేపు తీసే ముందు వాన నీరు ఎటు దిగుతుందో, గాలి ఎటు నుంచి కొడుతుందో అడగండి. విత్తనాలు ఎక్కడ పెడతారో, ముసలమ్మ ఎక్కడ కూర్చుంటుందో అడగండి. ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లలతో ఇంటి బొమ్మ గీయించేటప్పుడు అవ్వను అడిగి ఒక మార్పు చేసి తెమ్మనండి.

ఇప్పుడు మా అటక మీద చోళ్ళున్నాయి. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అమ్మ కిటికీ దగ్గర నేల మీద కూర్చుని ఉంటుంది. నేను మలుపు తిరగగానే నన్ను చూసి పిలుస్తుంది.