ఆకాశవార్తయు ఆప్తవాక్యమును

శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగమునకు ముందు, సూళ్లూరుపేటలో కాళంగి యొడ్డున వెలసిన చెంగాళమ్మ గుడికి ఇస్రో అధ్యక్షులు వచ్చి పూజ చేయించుకొని పోవుట ఏండ్ల తరబడి వచ్చుచున్న ఆచారము. తలుపులు మూయని గుడిగా పేరుగన్న ఆ యమ్మవారి సన్నిధిలో శాస్త్రజ్ఞుడు చేతులు జోడించి నిలిచిన దృశ్యము నాటి సాయంకాలమే తెలుగు టీవీలలో కనబడును, మరునాడు పత్రికలలో అచ్చగును; పిమ్మట విజ్ఞానమునకు విశ్వాసముతో నేమి పని యని యొకరును, విశ్వాసము లేని విజ్ఞాన మెందులకని వేరొకరును తెరమీద గంటసేపు వాదించుకొందురు. ఈ వాదమున నాకు రుచి లేదు. అమ్మవారికి మ్రొక్కిన చేతులే మరునాడు లెక్క సరిగా వేసినచో లోకమునకు వచ్చిన నష్టమేమియు లేదు. మ్రొక్కని చేతులు తప్పులెక్క వేసినచో రాకెట్టు క్షమింపదు. ధర్మమునకు సంబంధించిన అసలు ప్రశ్న ఆ గుడి వెలుపల మైకు పట్టుకొని నిలిచినవానిని గూర్చినది. తాను చూడని ఆకాశమును గూర్చి, చూడజాలని కోట్ల జనులకు చెప్పువాడు ఏ యర్హతతో చెప్పుచున్నాడు?

ఆకాశమును గూర్చి మన మెరిగినదానిలో కంటితో నెరిగినది అత్యల్పము. సూళ్లూరుపేటనుండి పులికాటు సరస్సు నడుమగా పోవు బాటమీద నిలిచి చూచువానికి సైతము, నిప్పులు చిమ్ముచు లేచిన రాకెట్టు కొద్ది నిమిషములలో మబ్బుల చాటునకు పోవును. అటుపైన మూడవ దశ సరిగా మండినదో లేదో, ఉపగ్రహము కక్ష్య చేరినదో లేదో, చంద్రుని మన్నులో గంధకమున్నదో లేదో, ఇవి సామాన్యునకు ప్రత్యక్షములు కావు; అనుమానమునకు వలసిన సామగ్రియు వానికడ లేదు; మిగిలినది శబ్దమొక్కటే. న్యాయదర్శనకారుడైన గౌతముడు శబ్దమును ప్రత్యక్షానుమానోపమానముల సరసన నాలుగవ ప్రమాణముగ నిలుపునపుడు ఆప్తుని మాటకు మాత్రమే ఆ గౌరవమిచ్చెను. ఆప్తుడెవడను ప్రశ్నకు భాష్యకారుడు వాత్స్యాయనుడు చెప్పిన సమాధానము మిక్కిలి యుదారమైనది: విషయమును సాక్షాత్తుగా నెరిగి యుండవలెను, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పవలెనను కోరిక యుండవలెను; ఈ లక్షణము ఋషికిని ఆర్యునికిని మ్లేచ్ఛునికిని సమానమే. యోగసూత్రములకు భాష్యము రచించిన వ్యాసుడు సత్యమును వివరించుచు ఇంకొక యడుగు ముందుకు పోయెను. మన యెరుకను పరునకందించుటకే మాట పుట్టినది గనుక అది వంచన కారాదు, భ్రాంతి కారాదు, వినువానికి ఏ బోధయు కలిగింపని గొడ్డుమాటయు కారాదని ఆయన తాత్పర్యము. ఈ మూడవదానిని కూడ సత్యమునకు విరోధిగా నెంచుటలోని సూక్ష్మత తలచినప్పుడెల్ల నన్ను విస్మితుని చేయును. ఏలయన, నేటి ఆకాశవార్తకు పట్టిన పెద్ద వ్యాధి యదియే.

1979వ సంవత్సరము తెలుగునాట ఆకాశవార్తకుగల రెండు ముఖములను చూపినది. ఆ జులై 11న అమెరికావారి స్కైలాబు, 77 టన్నుల బరువుగల అంతరిక్షశాల, శకలములై హిందూమహాసముద్రములోను పశ్చిమ ఆస్ట్రేలియా నేలమీదను పడెను. సూర్యుని ఉద్రేకము హెచ్చి, భూమి పైవాతావరణము వ్యాకోచించుటచే అది యనుకొన్నదానికంటె ముందుగ దిగజారినది. దాని తునక లోకములో ఎవరికో ఒకరికి తగులుటకు 152 పాళ్లలో ఒక పాలు అవకాశమున్నదని నాసావారు లెక్కకట్టిరి. ఫలానా మనిషికే తగులుటకు అవకాశము 60 వేల కోట్లలో ఒక పాలు. ఈ రెండంకెల నడుమ భేదమును తేటతెల్లముగ చెప్పువారుండినచో భయము చాలవరకు తీరెడిది. ఆ భేదము పల్లెలకు చేరలేదు. స్కైలాబు నెత్తిన పడనున్నదను మాట మాత్రము చేరినది. ఎటులైనను చచ్చుటయే గదా యని గొడ్డును గోదను అమ్ముకొని, కోళ్లను మేకలను కోసుకొని తిని, ఉన్నదంతయు ఊడ్చుకొన్నవారి కథలను పెద్దలు నేటికిని చెప్పుదురు. 2021లో ఆ పేరుతోనే తెలుగు చలనచిత్రమొకటి వచ్చినది. స్కైలాబు పడుననుట అబద్ధము కాదు, అది నిజముగనే పడినది. సగము చెప్పిన నిజమే ఆ పల్లెలను దోచినది.

అది పడిన నెలకే, ఆగస్టు 10న, శ్రీహరికోటనుండి ఎస్‌ఎల్‌వీ-3 తొలిసారి లేచినది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థ చెడుటచే ఐదు నిమిషములపైచిలుకు మాత్రమే ఎగిరి బంగాళాఖాతములో కూలినది. ఆ ప్రాజెక్టునకు నాయకుడు అబ్దుల్ కలాము. ఆనాడు ఇస్రో అధ్యక్షుడైన సతీశ్ ధావన్ తానే విలేకరుల యెదుటికి వచ్చి వైఫల్యభారమును తనమీద వేసికొనెననియు, 1980 జులై 18న అదే రాకెట్టు 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపినపుడు మాత్రము విలేకరుల యెదుటికి కలామునే పంపెననియు, కలాము తన జీవితకాలములో పలుమార్లు చెప్పియుండిరి. దీనిని నాయకత్వమునకు పాఠముగ చెప్పుకొనుట పరిపాటి. నేను దీనిలో ప్రమాణశాస్త్రమును చూచుచున్నాను. ధావన్ కూలినదానిని కూలినదనియే చెప్పెను. చెప్పుటవలన తనకు కలుగబోవు అపకీర్తిని లెక్కింపలేదు. 2002లో శ్రీహరికోట కేంద్రమునకు ధావన్ పేరు పెట్టిరి. 2022నుండి ఆ ద్వీపము తిరుపతి జిల్లాలో చేరినను, నెల్లూరు సీమవారికి అది నేటికిని తమదే. ఆ పేరును గూర్చిన గర్వమును తమదే.

1979కి నలువది యేండ్ల పిమ్మట, 2019 సెప్టెంబరు 7 తెల్లవారకమునుపు, చంద్రయాన్-2 ల్యాండరైన విక్రమ్ చంద్రతలమునకు 2.1 కిలోమీటర్ల యెత్తువరకు సరిగా దిగిన పిమ్మట సంకేతములు ఆగిపోయినవి. తరువాతి దినములలో వార్తలు చెప్పినదేమి? ల్యాండరు పగులలేదు, పక్కకు ఒరిగినదంతే. నూటికి తొంబదియైదు పాళ్లు విజయమే. ఏ క్షణముననైనను అది పలుకవచ్చును. నవంబరులో పార్లమెంటునకిచ్చిన లిఖితపూర్వక సమాధానములో, వేగము తగ్గుట అనుకొన్నట్లు జరుగక విక్రమ్ నేలను గట్టిగ తాకినదని ప్రభుత్వము తెలిపెను; డిసెంబరులో నాసావారి చంద్రోపగ్రహము తీసిన ఛాయాచిత్రములలో శకలములున్నట్లు తేలినది. బహిరంగముగ లభించు ఆ చిత్రములను పాతవానితో ఓపికగ పోల్చి తొలి శకలమును గుర్తించినవాడు చెన్నపట్టణమునకు చెందిన యొక ఇంజనీరు. ఆయనకు అంతరిక్షసంస్థలో పదవి లేదు. చూచినదానిని చూచినట్లు నాసాకు వ్రాసెను, వారు సరిచూచి యొప్పుకొనిరి. వాత్స్యాయనుని లక్షణమునకు ఇంతకంటె చక్కని లక్ష్యము మన కాలమున నాకు తోచదు. విక్రమ్ కొరకు కన్నీరు కార్చిన చానళ్లలో ఎన్ని, చంద్రుని చుట్టును తిరుగుచు చక్కగ పనిచేయుచుండిన ఆర్బిటరు ఏమి కనుగొనుచున్నదో అడిగినవి?

ఇక గొడ్డుమాటల సంగతి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 బయలుదేరినపుడు భారతదేశము సూర్యునిపైకి దండెత్తినదన్నంత కోలాహలమైనది. సూర్యుడు మనకు దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు; ఎల్1 స్థానము 15 లక్షల కిలోమీటర్ల దూరమున నున్నది; అనగా ఆ నౌక పోయినది దారిలో నూరవ వంతు. ఆ చోటు సూర్యుని రేయింబవళ్లు గ్రహణము లేక చూచుటకు అనువైనది గనుక అచ్చట ఆగినది. ఆగుటయే దాని ఘనత. ఇది చెప్పినచో వార్తకు శోభ తగ్గునని యెవరు భయపడిరో తెలియదు. దానికి పదిదినములముందు చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువముననే దిగినదని చాటిరి; అది దిగినచోటు దక్షిణాక్షాంశము 69 డిగ్రీలకు చేరువది. ధ్రువము అక్కడికి 600 కిలోమీటర్లకు పైబడి యున్నది. అంతవరకు ఎవ్వరును దిగనంత దక్షిణమున దిగుట చిన్న సంగతియా? ఉన్న ఘనత చాలక లేనిదానిని తొడుగుటవలన ఉన్నదానికే కొరత వచ్చినది. 2025 జనవరి 29న శ్రీహరికోటనుండి నూరవ ప్రయోగము జరిగినది. నూరను అంకెకు పతాకశీర్షికలు వచ్చినవి. ఆ రాకెట్టు మోసుకొనిపోయిన ఎన్‌వీఎస్-02 ఉపగ్రహమునకు కవాటములు తెరచుకొనక, అది చేరవలసిన కక్ష్యను చేరజాలకపోయినదని కొలదిదినములకే ఇస్రో చెప్పిన మాటకు ఆ శీర్షికల పరిమాణము దొరకలేదు.

విలేకరులనే నిందించుట న్యాయము కాదు. ఎరిగినవాడు నోరు విప్పకున్నచో చెప్పువాడు ఊహలమీద బ్రతుకును. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడవ దశలో విఫలమైనది. కారణములను విచారించిన సంఘము నివేదిక ప్రజలయెదుటికి రాకమునుపే 2026 జనవరి 12న మరుసటి పీఎస్‌ఎల్‌వీయు మూడవ దశలోనే దారి తప్పినది. ధావన్ పేరు మోయు తీరమున ఈ మౌనము నన్ను ఎంతయు బాధించుచున్నది.

ఈ తీరవాసులకు ఆకాశవార్త వినోదము కాదు. 1984 నవంబరులో తుపాను శ్రీహరికోట దగ్గరనే తీరము దాటినది. 1989 నవంబరులో వేరొకటి కావలి దగ్గర దాటినది. సముద్రముమీద సుడిని దూరమునుండియే పసిగట్టు ఉపగ్రహములును, నీటి వేడిమిని రంగును కొలిచి చేపలగుంపు లెచ్చట నుండవచ్చునో హైదరాబాదులోని సముద్రసమాచార కేంద్రమైన ఇన్‌కాయిస్ ద్వారా తెలుపు ఉపగ్రహములును, పట్టపువారి పడవలకు నిత్యసంబంధముగలవి. ప్రయోగమునాడు వేటకు పోరాదని వారికి చాటింపు వచ్చును. ఆనాడు తమ కూలి మానుకొని దారి యిచ్చిన ఆ ఉపగ్రహము ఏడాది తరువాత ఏమి చేయుచున్నదో వారికి చెప్పినవారు లేరు. పదునేడు నిమిషముల మంటకు పుటలకు పుటలు, పదేండ్ల పనికి పంక్తియైన లేదు. ద్వీపమును ప్రయోగకేంద్రమునకు తీసికొన్నపుడు తావు వదలిన యానాదుల కథయు అట్లే మరుగున బడినది.

సామాన్యులకు ఇంత సూక్ష్మము బోధపడదు, అందుచేతనే అట్టహాసముగ చెప్పవలసివచ్చుచున్నదని సమర్థించుకొనువారు కలరు. దుగరాజపట్నము రేవులో వలలు సవరించుకొను వృద్ధుని అడిగినచో, అమావాస్యకును పున్నమికిని పోటు హెచ్చుననియు, అష్టమికి తగ్గుననియు, సూర్యచంద్రులు ఒక వరుసన నిలిచినపుడు నీరు పొంగుననియు చెప్పును. సూర్యుని ఆకర్షణయు భూమి ఆకర్షణయు కూడి, ఒక వస్తువును భూమితోపాటు ఏడాదికొక ప్రదక్షిణము చేయించు స్థానమొకటి కలదనియు, ఆదిత్య అచ్చటికే పోయినదనియు ఆ ముసలివానికి చెప్పిచూచిన విలేకరి యెవడు?