ఎవరో అన్నారట

ఋగ్వేదం మొదటి మండలంలో యాభయ్యో సూక్తం సూర్యస్తుతి. అందులో నాలుగో మంత్రానికి భాష్యం రాస్తూ సాయణుడు ఒక పాత శ్లోకాన్ని తలుచుకున్నాడు. అర నిమేషంలో, అంటే సగం రెప్పపాటులో, 2,202 యోజనాలు దాటిపోయే సూర్యుడికి నమస్కారం పెట్టే శ్లోకం అది. సాయణుడు 14వ శతాబ్దంలో విజయనగర ప్రభువు బుక్కరాయల ఆదరణలో ఉన్నవాడు. ఆయన రాసిన ఆ నాలుగు మాటలు ఇవాళ స్నేహితుల కబుర్లలోకి వచ్చేసరికి ఒక్క వాక్యమైపోతాయి: కాంతి వేగం ఎంతో మన వేదాల్లో ఎప్పుడో చెప్పేశారు. లెక్క కూడా చూపిస్తారు. నిమేషాన్ని సెకనులో డెబ్భై అయిదో వంతుకు పదహారు రెట్లుగా, యోజనాన్ని తొమ్మిది మైళ్లుగా తీసుకుంటే సెకనుకు సుమారు 1,86,000 మైళ్లు వస్తుంది. నిజంగానే వస్తుంది. కాకపోతే ఆ తొమ్మిది మైళ్లు ఎక్కడివి? ఆర్యభటుడు భూమి వ్యాసం 1,050 యోజనాలన్నాడు. ఆ లెక్కన యోజనం పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు. సూర్యసిద్ధాంతం అదే వ్యాసాన్ని 1,600 యోజనాలంది. అలాగైతే యోజనం దాదాపు ఎనిమిది కిలోమీటర్లే. మొదటి కొలతతో వేగం సెకనుకు రెండున్నర లక్షల కిలోమీటర్లు, రెండో కొలతతో లక్షా అరవై నాలుగు వేలు. అసలు కాంతి వేగం 2,99,792. నిమేషం కూడా అన్ని గ్రంథాల్లోనూ ఒక్కటి కాదు, మనుస్మృతి ప్రకారం ఇంకాస్త చిన్నది. జవాబు ముందే తెలిసినవాళ్లు దానికి సరిపడే కొలతను వెతుక్కున్నారని తేలికగానే అర్థమవుతుంది.

ఈ లెక్క తప్పని నిరూపించడం నా ఉద్దేశం కాదు. ఆ శ్లోకం గురించి ఎవరైనా ఎంతైనా ఆలోచించవచ్చు. నన్ను పట్టి ఆపేది వేరే విషయం. సాయణుడు ఆ మాటను తనదిగా చెప్పలేదు, మంత్రంలో ఉందనీ చెప్పలేదు. ఇలా స్మరిస్తారు అని ముందుమాట పెట్టి చెప్పాడు. ఆ మాట తన దగ్గరికి ఏ దారిన వచ్చిందో ఆ దారిని కూడా మాటతోపాటే మనకు అప్పగించాడు. మన చేతికి వచ్చాక ఆ దారి ఊడిపోయింది, స్మరణ వేదమైంది, సూర్యగమనం కాంతి వేగమైంది. ఈ మార్పు చేసినవాళ్లలో అబద్ధమాడాలనుకున్నవాడు ఒక్కడూ లేకపోవచ్చు. మరి ఇందులో సత్యానికి భంగం కలిగిందా, కలిగితే అది ఎవరి దోషం? సరదాగా పంచుకునే చిత్రవిచిత్రాల విషయంలో ఇంత పెద్ద ప్రశ్న అవసరమా అని నవ్వేవాళ్లుంటారు. అవసరమనే నా వాదం. మనం రోజూ సత్యాన్ని అంటిపెట్టుకుని ఉన్నామో లేదో తేలేది గొప్ప ధర్మసంకటాల్లో కంటే ఇలాంటి చోట్లే ఎక్కువ.

అబద్ధమంటే లేనిది చెప్పడం అని మనకు అలవాటైన అర్థం. ఆ కొలబద్ద ఎంత పొట్టిదో మహాభారతం ఒక్క ఘట్టంతో తేల్చేసింది. ద్రోణపర్వంలో ధర్మరాజు పలికిన వాక్యం అక్షరాలా నిజం. అశ్వత్థామ అనే ఏనుగు చచ్చింది. అయినా అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నిలిచిన ఆయన రథం కిందికి దిగిపోయింది. నిజమైన వాక్యంతో అసత్యం చేయవచ్చునని దాని అర్థం కదా. మరి సత్యం వాక్యంలో లేకపోతే ఎక్కడుంది? పతంజలి యోగసూత్రాల మీద వ్యాసుడి పేర ఉన్న భాష్యం దీనికిచ్చిన జవాబు నాకు అన్నిటికంటే సరైనదిగా తోస్తుంది. యమాల్లో సత్యాన్ని వివరిస్తూ ఆ భాష్యం ఇలా అంటుంది: చూసింది చూసినట్టుగా, ఊహించి తెలుసుకున్నది అలాగే, విన్నది విన్నట్టుగా మనసులోనూ మాటలోనూ ఉండాలి, మాట ఉన్నది మన తెలివిడిని ఎదుటివాడిలోకి చేర్చడానికి. అంటే ఎదుటివాడికి చేరవలసింది విషయం ఒక్కటే కాదు. ఆ విషయం మనకు ఎంతవరకు తెలుసో, ఎలా తెలుసో అదీ చేరాలి. విన్నదాన్ని చూసినట్టు చెప్పినవాడు విషయం గురించి అబద్ధమాడకపోవచ్చు, తన గురించి ఆడాడు. నాకు తెలుసు అనే ఒక అబద్ధపు సాక్ష్యం ఆ వాక్యానికి వెనక ఉంది. రేపు ఆ విషయం నిజమని తేలినా ఈ సాక్ష్యం నిజమైపోదు. దీనికి తిరగేసిన సంగతి కూడా ఒప్పుకోవాలి. తప్పు విషయాన్నే అయినా, ఫలానా చోట విన్నాను, నాకు రూఢి లేదు అని చెప్పినవాడు సత్యం తప్పలేదు.

మన తార్కికులు దీన్ని ఇంకో వైపునుంచి పట్టుకున్నారు. ఆంధ్రుడని పండితులు చెప్పే అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో, ఆప్తుడి వాక్యమే శబ్దప్రమాణమని, ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడని నిర్వచించాడు. అంతకు చాలాముందే న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు, ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం సమానమేనన్నాడు. కులమూ దేశమూ కాదు, విషయం స్వయంగా తెలిసి ఉండటం, దాన్ని తెలిసినట్టే తెలియజేయాలనే కోరిక, ఈ రెండే ఆప్తత్వానికి ఆధారం. ప్రేమ ఈ పట్టికలో లేదు. ప్రాణస్నేహితుడు చెప్పాడు కాబట్టి నిజమనడం న్యాయశాస్త్రం ముందు నిలవదు. ఇక ఎవరు మొదట చెప్పారో తెలియని మాటకు వాళ్లు పెట్టిన పేరు ఐతిహ్యం. పౌరాణికులు దాన్ని వేరే ప్రమాణంగా లెక్కపెడితే నైయాయికులు ఒప్పుకోలేదు. దానికి వాళ్లిచ్చే ఉదాహరణ ఎంత చక్కనిదంటే, ఈ మర్రిచెట్టు మీద యక్షుడున్నాడు అన్న మాట! అది మూలవక్త తెలియని శబ్దమే తప్ప మరొకటి కాదని అన్నంభట్టు తన దీపికలో తేల్చాడు. వక్త తెలియనప్పుడు అతను ఆప్తుడో కాదో తేల్చే వీలుండదు కాబట్టి, ఆ మాట తేలేదాకా గాలిలోనే ఉంటుందని నేను తీసుకునే అర్థం.

మన భాష గురించి మనమే చెప్పుకునే ఒక మాటకు దీన్ని పెట్టి చూడండి. 15వ శతాబ్దంలో వెనిస్ యాత్రికుడు నికోలో కాంటీ తెలుగును 'తూర్పుదేశపు ఇటాలియన్' అన్నాడని బడిపిల్లల నుంచి సభాధ్యక్షుల దాకా అందరూ అంటారు. కాంటీ విజయనగరం చూసిన మాట నిజం. ఆయన చెప్పగా ఆ యాత్రావిశేషాలను లాటిన్‌లో రాసిపెట్టింది పోజ్జో బ్రాచియోలిని. ఈ బిరుదును వేదికల మీద వల్లించేవాళ్లు ఆ పుస్తకంలో ఫలానా చోట ఉందని చూపించడం కనబడదు. ఆ పొగడ్తకు ఆధారమైన సంగతి మాత్రం మన నాలుక మీదే ఉంది: తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. ఎవడైనా పరీక్షించుకోగలిగిన నిజం చేతిలో ఉండగా, పరీక్షించని సాక్షిని వెంటబెట్టుకు తిరగడం ఎందుకో అర్థం కాదు. బహుశా నిజం ఒక్కటే ఉంటే సరిపోదు, బయటివాడెవడో మెచ్చుకోవాలి అనే ఆకలి కావచ్చు. నాసా సూర్యుడి చప్పుడును ఓంకారంగా రికార్డు చేసిందన్న వదంతి, మన జాతీయగీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమమని ప్రకటించిందన్న వదంతి, రెండూ ఆ ఆకలికి పుట్టినవే.

సరదాకి చెప్పిన మాటకు ఇన్ని తూకాలు దేనికి అన్నది మొదటి ఆక్షేపణ. దీనికి శాస్త్రబలం లేకపోలేదు. బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు ఎక్కడెక్కడ బొంకవచ్చో ఏకరువు పెట్టిన సందర్భం మనవాళ్లకు పోతన పద్యంగా కంఠస్థం. భాగవతం సంస్కృత మూలంలో ఆ పట్టికలో పరిహాసం కూడా ఉంది. పోతన పద్యంలో అది కనిపించదు. పరిహాసానికి మినహాయింపు ఉందనే ఒప్పుకుందాం. అయినా అది ఇక్కడికి రాదు. పరిహాసంలో చెప్పేవాడికీ వినేవాడికీ ఇద్దరికీ అది పరిహాసమని తెలుసు, తెలిసే నవ్వుతారు. ఆశ్చర్యకరమైన విశేషం అలా పనిచేయదు. బంగారు చేపకు మూడు సెకన్లకు మించి జ్ఞాపకం ఉండదట అని చెప్పగానే ఎదుటివాడు ఔరా అంటాడు, నిజమనుకున్నాడు కాబట్టే అంటాడు. ఇది కల్పితం అని ముందే చెబితే ఆ ఔరా ఉండదు. ఆ సరదా మొత్తం సత్యం పేరు మీద తెచ్చిన అప్పు. అప్పు తెచ్చినవాడు సరదాకి తెచ్చానంటే బాకీ తీరదు. పైగా ఆ పట్టిక విన్న బలి ఏం చేశాడో మర్చిపోకూడదు: గురువు చెప్పినా వినలేదు.

రెండో ఆక్షేపణ ఇంతకంటే గట్టిది. మనిషికి తెలిసినదాంట్లో చాలాభాగం విన్నదే. తన పుట్టినరోజు కూడా ఎవరో చెబితేనే తెలుస్తుంది. ప్రతి మాటనూ తరిచి చూశాకే నోరు తెరవాలంటే లోకంలో మౌనమే మిగులుతుంది. చాలినంత ఆధారం లేకుండా నమ్మడం ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరికైనా తప్పేనని 1877లో విలియం క్లిఫర్డ్ అనే ఆంగ్ల గణితవేత్త వాదించాడు. నేను అంతదూరం పోను. ఆ నియమం పాటించగలవాడు పుట్టలేదు. నేను అడుగుతున్నది తనిఖీ కాదు, చిరునామా. విన్నానని చెప్పడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు; ఎక్కడ విన్నావో గుర్తుంటే చాలు, గుర్తు లేకపోతే లేదని చెబితే చాలు. ఇక్కడ మీమాంసకుడు అడ్డు తగిలి, జ్ఞానం స్వతహాగా ప్రమాణమే, బాధకం కనబడేదాకా నమ్మడమే సహజం, కాబట్టి జాగ్రత్త పడవలసింది వినేవాడే అనవచ్చు. ఆయన మాట మొదటి సగం సరైనది. అందుకే రెండో సగం తప్పు. స్నేహితుడి మాటను మనసు పరీక్షించకుండా తీసుకుంటుందంటే, ఆ ద్వారానికి కాపలా లేదన్నమాట. కాపలా లేని ద్వారం గుండా ఏదైనా పంపేవాడి బాధ్యత పెరుగుతుంది గాని తగ్గదు. ఒక్కొక్కరూ కొద్దిగా వదిలేస్తూ పోతే మాట ఎంత ఎత్తుకు వెళుతుందో మన కళ్లముందే జరిగింది. నాసా శాస్త్రవేత్తల్లో 36 శాతం భారతీయులేనన్న లెక్క ఈమెయిళ్లలో తిరిగి తిరిగి, 2008లో ప్రభుత్వ సమాధానంగా రాజ్యసభలోనే వినిపించింది. ఆధారం లేని లెక్క అని తర్వాత పత్రికలు బయటపెట్టాయి. ఆ దారిలో ప్రతివాడికీ ముందువాడే ఆప్తుడు.

ప్రాణాలు పోయిన సంగతులు చెప్పి ఈ వాదం గెలవడం సులువు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయన్న సందేశాలు ఈ దారినే రెండు తెలుగు రాష్ట్రాల్లో పల్లెపల్లెకూ పాకాయి, దేశంలో పలుచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు, ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. కాని హాని జరిగింది కాబట్టి తప్పు అంటే, హాని లేనిచోట ఒప్పవుతుంది. బంగారు చేప కబురు వల్ల ఎవరికీ ఏమీ కాదు. అక్కడ కూడా, తెలియనిది తెలిసినట్టు చెప్పడం ఉందా లేదా అన్నదే ప్రశ్న.

భక్తుల నుంచి వచ్చే ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. మూలవక్త తెలియని మాటలన్నీ అనుమానమే అయితే స్థలపురాణాలు ఏమవుతాయి? ఊరూరా కొండకో కోనేటికో ఉన్న కథ ఏమవుతుంది? వాటికి ముప్పేమీ లేదనే నా నమ్మకం. పురాణం తన దారిని దాచదు. శుకుడు పరీక్షిత్తుకు చెప్పాడు, దాన్ని సూతుడు నైమిశంలో శౌనకాదులకు చెప్పాడు అని చిరునామాతోనే మొదలవుతుంది. ఆ చిరునామాను ఒప్పుకునేవాడు ఒప్పుకుంటాడు, ఒప్పుకోనివాడు కథగా వింటాడు, ఇద్దరూ మోసపోరు. మోసం ఎక్కడ మొదలవుతుందంటే, ఆ కథకు ప్రయోగశాల ముద్ర వేసినప్పుడు. రెండు చేతులూ జోడిస్తే వేళ్ల కొసల్లో నరాలు నొక్కుకుని జ్ఞాపకశక్తి పెరుగుతుందట, అందుకే పెద్దలు నమస్కారం పెట్టారట! దేవుడి ముందు తల వంచడానికి నరాల పూచీకత్తు కావలసి వస్తే అక్కడ తగ్గింది విజ్ఞానం కాదు, విశ్వాసం. శంకరాచార్యుడు తన బ్రహ్మసూత్ర భాష్యంలో గుడ్డివాళ్ల వరుసను దృష్టాంతంగా వాడాడు, ఎంత పొడవు వరుసైనా చూపున్నవాడు ఒక్కడూ లేకపోతే లాభమేమిటని. కేసపుత్తలో కాలాములకు బుద్ధుడు చేసిన బోధలోనూ, అలా అంటారు కాబట్టి అన్న కారణం చాలదనే ఉంది. సంప్రదాయాన్ని వదిలేసినవాళ్లు కారు ఈ ఇద్దరూ, సంప్రదాయాలను నిలబెట్టినవాళ్లు.

చివరికి మిగిలేది రుచి గొడవ. విన్నాను, రూఢి లేదు అని తోక తగిలిస్తే కబురు చప్పబడిపోతుందంటారు. చప్పబడేది చెప్పేవాడి గొప్ప మాత్రమే అని నా అనుమానం. చైనా మహాకుడ్యం చంద్రుడి మీదనుంచి కనబడుతుందన్నది వట్టి మాట. అయితే విలియం స్టుక్లీ అనే ఆంగ్లేయుడు 1754లోనే, మనిషి బెలూన్‌లో కూడా ఎగరని కాలంలో, ఒక ఉత్తరంలో ఆ ఊహ రాశాడన్నది అంతకంటే వింత. 2003లో చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవెయ్ తనకది కనబడలేదన్నాడు. దారి వెతికితే కబురు పెరుగుతుందే గాని తరగదు. దేశభాషల్లో తెలుగే మేలన్న మాట కృష్ణదేవరాయలదని అందరికీ తెలుసు. ఆముక్తమాల్యదలో శ్రీకాకుళపు ఆంధ్రమహావిష్ణువు రాయల కలలోకి వచ్చి చెప్పిన మాట అది. అదే మాట అంతకు ముందే, ఓరుగల్లు వీధుల్లో తిరిగే పాత్రల కథ చెప్పే, వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో ఉంది. వీధుల కథలోని మాట దేవుడి నోటికి ఎలా చేరింది? రాయలు ఆ పుస్తకం చదివాడా, లేక అప్పటికే అది జనం నోట నలిగి, ఎవరిదో తెలియని మాటగా ఆయన చెవిన పడిందా?