బలార్జిత అధికారం - అనంతర సమ్మతి: ఒక నైతిక పరిశీలన

బలప్రయోగంతో దక్కిన అధికారానికి తరువాత లభించే ప్రజాసమ్మతి నైతిక సమర్థన కాగలదా అన్నది ఇక్కడి ప్రశ్న.

చంద్రగిరి పాలకుడైన సాళువ నరసింహుడు 1485లో సంగమ వంశాన్ని తొలగించి విజయనగర సింహాసనాన్ని ఆక్రమించాడు. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినిభారతాన్ని అంకితమిచ్చింది ఇతనికే. కృతిపతిని, అతని వంశాన్ని స్తుతించడం కావ్యావతారిక ధర్మం. సింహాసనం ఏ దారిన దక్కుతుందో విచారించడం దాని పని కాదు.

ఘనాలో అవతారిక చేసే పనిని ఎన్నిక చేసింది. 1979, 1981లలో సైనిక తిరుగుబాట్లతో అధికారం చేజిక్కించుకొన్న జెర్రీ రాలింగ్స్ 1992, 1996 ఎన్నికలలో అధ్యక్షుడయ్యాడు. 1979లో ముగ్గురు మాజీ దేశాధినేతలను కాల్చి చంపారు. తిరుగుబాటు పాలకుల చర్యలను న్యాయస్థానాలు ప్రశ్నించకుండా 1992 రాజ్యాంగమే రక్షణ కల్పించింది.

అన్నీ తెలిసే ప్రజలు ఎన్నుకొన్నారు గనుక అది క్షమాపణతో సమానమని వాదించవచ్చు. కాని ఓటు రాబోయే పాలనకు ఇచ్చే అనుమతి. మృతుల పక్షాన క్షమించే అధికారం ఓటరుకు లేదు.

అయినా రాలింగ్స్ పదవీకాల పరిమితికి లోబడి 2001 జనవరిలో ప్రతిపక్షానికి చెందిన కుఫోర్‌కు అధికారం అప్పగించాడు. నరసింహుడు తొక్కిన దారినే 1505లో తుళువ వంశమూ తొక్కింది. ఘనాలో 1981 తరువాత ఏ తిరుగుబాటూ ఫలించలేదు. ఈ నిష్క్రమణను గుణంగా లెక్కించవలసిందే. అయితే దానిని 1979 నాటి మరణాలకు చెల్లుగా జమకట్టడం న్యాయం కాదు.